వలకు వెయ్యి కళ్లు, చూపు లేదు

మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. కంచికచర్ల దగ్గర ఓ ఊరి చెరువు గట్టు మీద నిలబడి, పెద్దాయన ఒకాయన వల తీస్తుంటే చూస్తున్నాను. థర్మాకోల్ తెప్ప మీద గొంతుకూర్చుని, బెండ్లు ఒక్కొక్కటే పట్టుకుని లాక్కుంటూ వస్తున్నాడు. రెండు శీలావతులు, నాలుగైదు జెల్లలు పడ్డాయి. ఆ తర్వాత వల బరువుగా వచ్చింది.

"పెద్దదేదో పడ్డట్టుంది బాబాయ్" అన్నాను.

"చేపైతే గుంజుద్ది బాబూ. ఇది ఊరికే బరువు" అన్నాడాయన.

పైకి తేలింది నీటికాకి. తల ఒక కంట్లోంచి దూరి, మెడకు దారం మూడు మెలికలు పడింది. ఎడమ రెక్క పక్క కంట్లో ఇరుక్కుంది. నాలుగు వేళ్లనూ కలిపే పొర ఉన్న పాదం ఒకటి ఇంకో కంట్లోంచి బయటికి వచ్చి విచ్చుకుని ఉంది. దానికి జానెడు దూరంలో, అదే వలలో, వేలెడంత జెల్ల ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. కాకి దేనికోసం వచ్చిందో అడగక్కర్లేదు. పెద్దాయన కాసేపు విప్పాలని చూసి, చివరికి బ్లేడు తీసి ఆరు కళ్లు కోశాడు. "కొయ్యకపోతే పొద్దు పోద్ది, కోస్తే వల పోద్ది" అంటూ పక్షిని గట్టు మీద పెట్టాడు. అరకిలో ఉంటుందేమో. దాని కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆయన పక్షుల్ని పట్టేవాడు కాదు. వేసింది చేపల వల. పడింది వేరొకటి. ఇలాంటిదాన్ని మనం "పొరపాటున పడింది" అని వదిలేస్తాం. ఆ రోజు నుంచి నాకా మాట సరిపోవడం లేదు. వల ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు, ఏ లోతులో కట్టారు, దారం లావెంత, పక్కన నాచు ఉందా లేదా అన్న అయిదారు సంగతులు తెలిస్తే, ఆ నీటికాకి ఎందుకు చచ్చిపోయిందో చాలావరకు చెప్పొచ్చు. ఆ అయిదారు సంగతులూ వల వేసే మనిషి చేతిలోనివే.

ముందు పక్షి కంటి సంగతి చూద్దాం. నీటికాకి నీళ్లలో డేగలా చూస్తుందని, దూరం నుంచే చేపను గురిపెట్టి తరుముతుందని చాలాకాలం అనుకున్నారు. నిజంగానే దాని కన్ను గొప్పది. మన కంటికి చూపును కూడదీసే పని మూడింట రెండు వంతులు ముందున్న పారదర్శక పటలమే చేస్తుంది. నీళ్లలోకి దిగగానే దాని బలం దాదాపు పోతుంది కాబట్టి మనకు అంతా మసకే. నీటికాకికి ఆ లోటు తీర్చే ఏర్పాటు ఉంది. కంటిలోపలి కటకాన్ని కండరాలతో గట్టిగా పిండి, గుండ్రంగా ఉబ్బించుకుంటుంది. అయినా 2007లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన అందర్నీ ఆశ్చర్యపరిచింది. పెద్ద నీటికాకులకు నీళ్లలో గీతల బొమ్మలు చూపించి పరీక్షిస్తే, వాటి చూపు పదును నీళ్లలో కళ్లద్దాలు లేకుండా చూసే మనిషి చూపును మించలేదు. చిన్న చేపను గుర్తుపట్టాలంటే అది మీటరు లోపు ఉండాలి. అంటే నీటికాకి దూరం నుంచి తరమడం కాదు, అడుగున వెతుక్కుంటూ పోయి, ముందు నుంచి బెదిరి లేచిన చేపను దగ్గర్లోనే టక్కున అందుకుంటుందన్న మాట. మీటరు దూరంలో ఉన్న చేపే సరిగా ఆనని కంటికి వెంట్రుకంత దారం ఏం ఆనుతుంది?

ఆ దారం కూడా మామూలుది కాదు. మా చిన్నప్పుడు ఇళ్ల ముందు ఆరేసిన నూలు వలలు గుర్తున్నవాళ్లకు తెలుస్తుంది. తుమ్మచెక్క కషాయంలో ముంచిన ముదురు గోధుమరంగు, లావు దారం. నీళ్లలో కూడా నీడలా కనిపించేది. ఇప్పుడున్నది టంగూసు. నైలాన్‌ను సన్నని ఒంటిపోగుగా లాగి చేసిన దారం. ఇలాంటి పారదర్శకమైన వస్తువు కంటికి కనిపించాలంటే దాని అంచు దగ్గర వెలుగు వంగాలి. ఎంత వంగుతుందన్నది ఆ వస్తువుకూ, చుట్టూ ఉన్నదానికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. ఆ లెక్కలో గాలి 1, నీరు 1.33, నైలాన్ సుమారు 1.53. గాలిలో టంగూసు మెరుస్తుంది, నీళ్లలో ఆ తేడా సగానికి పైగా తగ్గి దారం కరిగిపోయినట్టు అవుతుంది. చేపకు కనిపించకూడదనే దాన్ని అలా చేశారు. పక్షికీ కనిపించదు.

తల దూరాక వెనక్కి ఎందుకు రాలేదు? ఈకలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి, ముందు నుంచి వెనక్కి వాలి ఉంటాయి. ముందుకు దూరేటప్పుడు నున్నగా జారుతుంది. వెనక్కి లాక్కోబోతే ప్రతి ఈకా లేచి దారానికి తగులుకుంటుంది. పైగా బెదిరిన పక్షి వెనక్కి తగ్గదు, ముందుకే తన్నుకుంటుంది. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి అది. నిమిషాల్లో అయిపోతుంది.

ఇది మా మెట్ట చెరువులకే ఉన్న బాధ కాదు. ఇలా నిలువు వలల్లో చిక్కుకుని ప్రపంచమంతటా ఏటా కనీసం 4 లక్షల పక్షులు చనిపోతున్నాయని 2013లో ఒక అంతర్జాతీయ సమీక్ష లెక్క కట్టింది. అది ప్రధానంగా సముద్రాలు, తీరాల లెక్క. ఊరి చెరువుల్లో పోయేవాటిని గట్టు మీద పెట్టి ఇంటికి పోవడమే.

బొచ్చు కోసం జంతువుల్ని పట్టే దేశాల్లో ఈ సమస్య ఇంకో రూపంలో ఉంది. ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో మింక్, బీవర్, మస్క్‌రాట్ లాంటి నీటి జంతువులకు ఇనుప బోన్లు పెడతారు. బాతులు, కొంగలు, బొల్లికోళ్లు వాటిలో పడతాయి. బొచ్చు వ్యాపారం మంచిచెడ్డల జోలికి నేనిక్కడ పోవడం లేదు. అయితే అక్కడ బోన్లు పెట్టేవాళ్లకు చెప్పే జాగ్రత్తలు వింటే మన వలలకు పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది. బోనును సగం మునిగేలా పెట్టొద్దు, జంతువు ఈదే దారిలో పూర్తిగా నీటి అడుగున పెట్టు. బాతులు ఎక్కి కూర్చునే దుంగల మీద, తేలే గడ్డి దిబ్బల మీద పెట్టొద్దు. ఎర పైనుంచి ఎగిరే పక్షికి కనపడకుండా కప్పు. రెట్టలు, ఈకలు, కాలి గుర్తులు ఉన్న చోటు వదిలెయ్. వలస బాతులు వెళ్లిపోయాక మొదలుపెట్టు. రోజూ పోయి చూడు. వీటిలో ఒక్కటి కూడా ఖరీదైన సామాను అడగదు. అన్నీ చోటు, వేళ గురించినవే.

ఇంగ్లండులో అయితే ఇంకో మెట్టు పైకి వెళ్లారు. అక్కడి నదుల్లోకి బయటి నుంచి వచ్చి చేరిన మింక్‌లు నీటిపక్షుల గూళ్లను ఖాళీ చేస్తుంటే వాటిని పట్టక తప్పలేదు. దానికోసం చిన్న తెప్ప తయారుచేశారు. తెప్ప మీద సొరంగంలాంటి పెట్టె, దాని అడుగున మెత్తటి బంకమట్టి. మొదట బోను ఉండదు. కొన్నాళ్లు వదిలి మట్టి మీద పడ్డ అడుగులు చదువుతారు. మింక్ అడుగు కనపడితేనే సొరంగంలో బోను పెడతారు. కనపడకపోతే తెప్ప ఇంకోచోటికి పోతుంది. ముందు ఎవరొస్తున్నారో తెలుసుకుని తర్వాత బోను పెట్టడమన్న ఈ పద్ధతి నాకు అన్నింటికంటే నచ్చింది.

మన దగ్గర బొచ్చు కోసం బోన్లు పెట్టే చట్టబద్ధమైన వృత్తి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టడాన్ని, ఉచ్చు వేయడాన్ని, ఆ ప్రయత్నాన్ని కూడా వేటగానే లెక్కకడుతుంది. దొంగచాటు మాత్రం సాగుతోంది. చిత్రకారుల కుంచెల కోసం ముంగిసల్ని చంపుతున్నారని తేలి 2019లో కేంద్ర వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ దేశవ్యాప్తంగా దాడులు చేసింది. చర్మం కోసం నీటికుక్కలను వేటాడటమూ ఆగలేదు, వాటిలో రెండు జాతులను అదే ఏడాది అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించే జాబితాలో చేర్చారు. మా ప్రాంతంలో ఎక్కువగా కనపడేది ఇంకో రకం ఉచ్చు, అడవిపందుల కోసం బైకు క్లచ్ వైరుతో వేసేది. నందిగామ, జగ్గయ్యపేట వైపు వాగుల వెంట మొక్కజొన్న, వరి వేసిన రైతుకు ఒక్క రాత్రిలో పంట పోతే కలిగే కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆ వైరు పంది ఒక్కదాన్నే ఎంచుకోదు. నీటికి పోయే దారిలో వేస్తే అటు నడిచే ప్రతి ప్రాణికీ అది ఉరే. ఈ ఉచ్చుకు సవరణ చెప్పడానికి ఏమీ లేదు, తీసేయాల్సిందే.

సవరించగలిగినవి వలలు. వాటి దగ్గరికే వద్దాం.

చేపల చెరువుల మీద, రొయ్యల చెరువుల మీద పైన కట్టే వలలున్నాయి. రైతు వీటిని కట్టడానికి గట్టి కారణమే ఉంది. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి రొయ్యల సాగును ఊడ్చిపెట్టింది. జబ్బు రొయ్యను ఒక చెరువులో ముక్కున కరిచి, పక్క చెరువు మీద జారవిడిచే కాకి, కొంగ ఆ రైతుకు శత్రువుల్లా కనిపించడంలో వింత లేదు. పక్షిని రానివ్వకపోవడం అతని హక్కు. అయితే రానివ్వకపోవడం వేరు, వచ్చినదాన్ని చిక్కించుకోవడం వేరు. వదులుగా వేలాడే, పెద్ద కళ్లున్న, కనిపించని టంగూసు వల రెండో పనే చేస్తుంది. కొంగ దిగేటప్పుడు కాళ్లు కిందికి వేలాడదీసి దిగుతుంది. మొదట కాలు దూరుతుంది, తర్వాత రెక్క. ఎండలో తలకిందులుగా రోజంతా వేలాడుతుంది. దాన్ని చూసి మిగతా పక్షులు జడుసుకుంటాయని కొందరు అలాగే వదిలేస్తారు. తప్పు. చేపకోసం వచ్చేది ఆకలిగా ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది.

బిగుతుగా లాగి కట్టిన, తెల్లగా లేదా ముదురు రంగులో కనపడే, లావు దారంతో చిన్న కళ్లున్న వల మీద కొంగ వాలబోయి ఎగిరిపోతుంది, చిక్కుకోదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇంటి పెరట్లో పండ్ల చెట్ల మీద కప్పే వలకు 2021 సెప్టెంబర్ నుంచి ఒక నియమం పెట్టారు. బాగా సాగదీసినా కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మామూలు మనిషికి అర్థమయ్యేలా వాళ్లు చెప్పే కొలత వేలు. వలలోంచి వేలు దూరిందంటే ఆ వల వాడకూడదు. చెరువంతటికీ అంత సన్నకన్ను వల మన రైతు మోయగల ఖర్చు కాదని తెలుసు. కానీ బిగుతు, రంగు, లావు అన్నవి ఖర్చు కన్నా శ్రద్ధ అడుగుతాయి. వదులైన చోట వారానికోసారి లాగి కట్టడానికి పెట్టుబడి ఏముంది?

ఇక నీళ్లలో వేసే వల. దానిని కనిపించేలా చేస్తే చేప పడదు కదా అన్నది మొదటి ప్రశ్న. అమెరికా పడమటి తీరాన ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో 1990లలో సాల్మన్ వలల మీద దీన్నే పరీక్షించారు. వల పైభాగంలో మాత్రం కొన్ని వరుసల కళ్లను తెల్లని లావు దారంతో అల్లారు. తెల్లవారుజామున వేట ఆపారు. చేప నిండుగా వచ్చే రోజులకే వేటను పరిమితం చేశారు. ఈ పద్ధతుల్ని కలిపి వాడితే పక్షులు చిక్కుకోవడం 70 నుంచి 75 శాతం దాకా తగ్గించవచ్చని, చేప చెప్పుకోదగ్గంత తగ్గదని తేలింది. పెరూ తీరంలో వలలకు ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కడితే అక్కడి గ్వానే నీటికాకులు చిక్కుకోవడం 85 శాతం తగ్గింది. ఇది విని మనమూ దీపాలు కొనేద్దామనిపిస్తుంది. ఆగాలి. బాల్టిక్ సముద్రంలో మిణుకుమిణుకుమనే తెల్ల దీపాలు కడితే అక్కడి పొడవుతోక బాతులు తగ్గకపోగా ఎక్కువే పడ్డాయి. ఒక నీటికి, ఒక పక్షికి కుదిరింది ఇంకోచోట తిరగబడుతుంది.

అదే బాల్టిక్‌లో, ఎస్టోనియా తీరాన ఇంకో ప్రయత్నం జరిగింది. నీటి మీద తేలే కర్రకు పలక తగిలించి, దాని మీద రెండు పెద్ద కళ్లు గీశారు. గాలికి పలక తిరుగుతుంటే ఆ కళ్లు మీదికి వస్తున్నట్టు ఉంటాయి. 50 మీటర్ల చుట్టుపక్కల బాతులు దాదాపు పావువంతు తగ్గాయి. చదవగానే నాకు మా మిరపచేలో నిలబెట్టిన దిష్టిబొమ్మ గుర్తొచ్చింది. సున్నం కుండ మీద మసితో గీసిన అవే గుండ్రటి కళ్లు. వల బెండ్ల పక్కన అలాంటి కుండ ఒకటి తేలిస్తే మన నీటికాకి ఏం చేస్తుందో మన చెరువులోనే చూడాలి. ఏ జాలరి అయినా ఒక రోజు కుండతో, ఒక రోజు కుండ లేకుండా వేసి, పడ్డవి లెక్క రాసుకోవచ్చు.

దీపాలకన్నా ముందు మన చేతిలో ఉన్నది వేళ. మా చెరువుల్లో వల పొద్దుగూకే ముందు వేసి, పొద్దెక్కాక తీస్తారు. చేప ఎక్కువగా పడేది రాత్రి. నీటికాకి, మునుగుడు కోడి పగటి పక్షులు. కళ్లతో వేటాడేవి కాబట్టి వెలుగు రాగానే మొదలుపెడతాయి. అంటే వలా పక్షీ ఒకేచోట ఎక్కువగా కలిసేది తెల్లవారాక వల ఇంకా నీళ్లలో ఉన్న ఆ గంటా రెండు గంటలే. వెలుగు రేఖ రాకముందే వల గట్టెక్కితే ఆ రెండు జాతులకూ ముప్పు చాలావరకు తప్పినట్టే. చేప కూడా తాజాగా సంతకు చేరుతుంది.

వేళ ఒక్కటే చాలదు. ఈల వేస్తూ తిరిగే చిలువ బాతులు రాత్రిపూట మేస్తాయి. నుదుట తెల్లమచ్చ ఉన్న బొల్లికోడి నాచు కోసం మునుగుతుంది. వీటికి వేళ కన్నా చోటు ముఖ్యం. నాచు, తూడు, గుర్రపుడెక్క అంచును ఆనుకుని వల కట్టకుండా, నడి నీళ్ల వైపు జరిపి, పై తాడును నీటి మట్టానికి కొంత లోతుగా దించి కడితే పైపైన మేసే బాతులు దాని మీదుగా పోతాయి.

కాలం కూడా చూసుకోవాలి. ఎండాకాలంలో చెరువు అడుగంటి నడుమ ఒక గుంటగా మిగిలినప్పుడు చేపలన్నీ అక్కడే, కొంగలన్నీ అక్కడే, వలలన్నీ అక్కడే. సహకార సంఘాలు పూర్తిగా వేట చేసేదీ అప్పుడే. ఆ రోజుల్లో నిలువు వల కట్టి ఇంటికి వెళ్లిపోవడం కన్నా విసురు వల, లాగుడు వల మేలు. మనిషి వల దగ్గరే ఉంటాడు, పక్షి పడితే వెంటనే విడిపించగలడు.

ప్రాణంతో చిక్కిన పక్షి కనపడితే లాగకండి. ముందు గుడ్డ తల మీద కప్పండి, చీకటి పడితే పక్షి కుదురుకుంటుంది. కొంగ, నీటికాకి ముక్కు మన కళ్లవైపు సూటిగా వస్తుంది. అందుకని ముక్కును మెల్లగా పట్టుకుని, కొంగ ముక్కుపుటాలు మూయకుండా, నోటితోనే ఊపిరి తీసే నీటికాకి ముక్కును పూర్తిగా బిగించకుండా, మొహం దూరంగా పెట్టుకోండి. దారాన్ని విప్పడానికి ప్రయత్నించొద్దు, కోసెయ్యండి. ఒంటి మీద ఒక్క పోగు కూడా మిగలకూడదు. కాలికి చుట్టుకున్న పోగు రోజుల తరబడి బిగుసుకుంటూ పోయి పాదాన్నే తీసేస్తుంది. నీటికాకి పై ఈకలు తడిసే రకం, రెక్కలు చాచి ఆరబెట్టుకోవడం మనం చూసేదే. తడిసి ముద్దయినదాన్ని వెంటనే నీళ్లలోకి విసరకుండా నీడలో, అట్టపెట్టెలో ఆరనిచ్చి వదలాలి. గాయముంటే అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి.

ఇంత చిన్న చెరువు పక్షుల గురించి ఇంత ఎందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. కంచికచర్ల ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, మా తరానికి కృష్ణా జిల్లా మెట్టే. ఒకవైపు కీసర దగ్గర మున్నేరు, కిందికి పోతే అది కలిసే కృష్ణ, ఆ కింద ప్రకాశం బ్యారేజీ నిలువ నీరు. ఇంకా తూర్పుకు పోతే 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు. కృష్ణ దాటితే గుంటూరు పక్కన పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువు. పెద్ద కొంగలు, గూడబాతులు మేత కోసం పదుల కిలోమీటర్లు ఎగిరిపోయే పక్షులు. వాటికి జిల్లాల హద్దులు లేవు. అక్కడ గూడుకు కాపలా పెట్టి, ఇక్కడ మేత దగ్గర ఉరి వదిలేస్తే ఆ కాపలా సగమే.

ఆ చెరువు పెద్దాయనతో ఈ వేళ సంగతి మాట్లాడాను. "పొద్దున్నే తీస్తే చలి బాబూ" అన్నాడు. ఒక క్షణం ఆగి, "వల కుట్టుకునే తిప్పలు మాత్రం తప్పుద్ది" అన్నాడు. తిరిగి వస్తూ గట్టు మీద చూశాను. ఆయన కోసిపడేసిన ఆరు కళ్ల టంగూసు ముక్క తుమ్మకొమ్మకు వేలాడుతోంది. ఆ తుమ్మల్లోనే కొంగలు గూళ్లు కడతాయి, పుల్లలతోపాటు దారాలూ ఏరుకుపోతాయి. పాత నూలు వల ముక్క అయితే ఒకటి రెండు వానాకాలాల్లో మట్టిలో కలిసేది. ఇది మన మనవల కాలానికీ ఉంటుంది. చెరువు గట్టున మీకు కనపడ్డ ప్రతి టంగూసు ముక్కనూ ఏరి జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోండి.